నాన్న, నేను, స్వీడన్ బండి

మొన్న మా మేనల్లుడు ప్రవీణ్ కొత్త కారు కొన్నాడు. కొనుక్కున్నవాడు కొనుక్కుని ఇంటికి రావచ్చు కదా! అరకులో రిటైరై నా మొక్కలేవో నేను పెంచుకుంటుంటే, నువ్వు రాకపోతే తాళం తీసుకోనని ఫోన్లో పంతం పట్టి, నన్ను విజయనగరం షోరూము దాకా రప్పించాడు. అక్కడేమో కారుకి ఎర్ర పట్టుగుడ్డ కప్పి, పెళ్ళికూతుర్ని తెర వెనక కూర్చోబెట్టినట్టు దాచిపెట్టారు. గుడ్డ లాగగానే పైనుంచి మెరుపు కాయితాలు రాలాయి, ఎవరో పాట పెట్టారు, అందరం చప్పట్లు కొట్టాలట, కొట్టాం. ఫోటోల కోసం మనిషంత అట్టతాళం ఒకటి నా చేతిలో కూడా పెట్టారు. టై కట్టుకున్న అమ్మాయి ఒకతి వచ్చి, "మేడమ్, కారు డెలివరీకి రావడం మీకిదే ఫస్ట్ టైమా?" అని ఎంతో ప్రేమగా అడిగింది. "లేదమ్మా, ఇదివరకొకసారి నేరుగా ఫ్యాక్టరీకే వెళ్ళి తెచ్చుకున్నాం, స్వీడన్‌లో" అన్నాను. ఆ పిల్ల నవ్వి, నాకు మంచినీళ్ళు తెప్పించింది. ఎండలో వచ్చిన ముసలావిడ, పాపం ఏదో మాట్లాడుతోంది అనుకుంది కాబోలు. నాకు మాత్రం అప్పట్నుంచీ నవ్వు ఆగలేదు.

నిజంగానే వెళ్ళాం. నేనూ మా నాన్నా. మా నాన్నని గుమ్మలక్ష్మీపురం చుట్టుపక్కల జోసెఫ్ డ్రైవర్ అంటే తెలియనివాళ్ళు లేరు. కొండ కింద ఉన్న మిషన్ ఆసుపత్రి జీపు ఆయన చేతిలో ఉండేది. జీపు అంటే జీపు కాదు, మా ఇంట్లో అందరికంటే పెద్దకొడుకు. తెల్లారకుండానే ఊరి పక్క గెడ్డవాగులో దాన్ని కడిగి, బానెట్ మీద చెయ్యి వేసి ప్రార్థన చేసి, అప్పుడు వచ్చి చోడి అంబలి తాగేవాడు. ఆయన చొక్కాలో డీజిలు వాసన, అమ్మ కొంగులో చింతపండు వాసన, వీధి అరుగు మీద మా మామ్మ అడ్డచుట్ట వాసన, వర్షాకాలమైతే వీటన్నిటి మీదా తడిసిన అడ్డాకుల వాసన. ఆ వాసనలన్నీ కలిస్తే మా ఇల్లు. మామ్మ చుట్ట నిప్పువైపు నోట్లో పెట్టుకునే జీపు గురించి తీర్పులు చెప్పేది. "ఆ బండికి ఆయుస్సు అయిపోనాదిరా జోసెపూ, దగ్గు ఇనపడతంది" అనేది. నాన్నకి కోపం వచ్చేది. తనని ఏమన్నా పడేవాడు కానీ జీపుని అంటే పడేవాడు కాదు.

ఆయనకి ఒక రూలు ఉండేది. దారిలో మనిషి నిలబడి ఉండగా బండిలో సీటు ఖాళీగా పోకూడదు. పొద్దున ఒక బస్సు వచ్చి పోయిందంటే మా రోడ్డుకి మళ్ళీ బస్సు మొహం ఉండేది కాదు. సంతరోజున మలుపు మలుపుకీ కొండచీపుళ్ళ మోపులతో, కోళ్ళతో, చంటిపిల్లలతో మనుషులు నిలబడేవాళ్ళు. నాన్న అందరినీ ఎక్కించేవాడు. లోపల నిండితే వెనక, వెనక నిండితే బానెట్ మీద. అమ్మ గుమ్మంలో నిలబడి, "నీ జీపు ఊరందరినీ దింపుకొచ్చీసరికి నా కూడు సల్లారిపోతంది" అని సాధించేది. నాన్న చెప్పులు విడుస్తూ, "నిలబడ్డ మనిషిని ఒగ్గేసి ఎలాగొచ్చీమంటావే, కాలు ఊరుకోదు" అనేవాడు. అది ఆయన గొప్ప కోసం అన్న మాట కాదు. మనిషి కనబడితే ఆయన కాలు నిజంగానే బ్రేకు మీదకి పోయేది.

మామ్మ అన్నట్టే జీపుకి ఆయుస్సు అయిపోయింది. ఒక వానాకాలం పురిటి నొప్పులతో ఉన్న ఒకావిణ్ణి తీసుకొస్తుంటే ఘాటు రోడ్డు మధ్యలో ఆగిపోయి మరి కదల్లేదు. నాన్నా, ఆవిడ మొగుడూ డోలీ కట్టి మోసుకొచ్చారు. తల్లి దక్కింది, బిడ్డ దక్కలేదు. నాన్న రెండ్రోజులు అంబలి ముట్టలేదు. ఆసుపత్రి డాక్టరమ్మ ఊరుకోలేదు, స్వీడన్‌లో మా ఆసుపత్రికి అప్పుడప్పుడు మందులు పంపే చర్చి ఆడవాళ్ళకి విషయమంతా రాసింది. వాళ్ళు స్వెటర్లు అల్లి అమ్మి, కేకులు చేసి అమ్మి, పాటకచేరీలు పెట్టి, ఏకంగా ఒక కొత్త కారే కొనేశారు. స్ట్రెచరు పట్టేంత పొడుగు, కొండ ఎక్కేంత బలం. అక్కడి కంపెనీకి ఒక పద్ధతి ఉందట. పరదేశాల వాళ్ళు కారు కొంటే ఫ్యాక్టరీకే వచ్చి తీసుకోవచ్చు, కొన్నాళ్ళు ఆ దేశమంతా తిరగొచ్చు, తర్వాత రేవులో అప్పజెబితే కంపెనీయే ఓడెక్కించి మన రేవుకి పంపుతుంది. కొన్నవాళ్ళకి విమానం టిక్కెట్లు కూడా కంపెనీవే. డబ్బిచ్చిన ఊళ్ళన్నిటికీ ఆ కారు చూపించి అప్పుడు ఓడెక్కించాలని చర్చి ఆడవాళ్ళు కోరారు. టిక్కెట్లు డాక్టరమ్మ కోసమే వచ్చాయి. అది మలేరియా కాలం, ఆవిడ కదిలితే ఆసుపత్రి మూసెయ్యాలి. "బండి తోలేవాడే వెళ్ళి తెచ్చుకోవాలి జోసెఫ్, నువ్వెళ్ళు. ఇంగ్లీషుకి నీ కూతుర్ని తీసుకెళ్ళు" అంది. నేనప్పుడే వైజాగులో డిగ్రీ పూర్తిచేసి ఇంటికొచ్చి, ఏం చెయ్యాలో తోచక చీపుళ్ళు కడుతున్నాను. ఓలమ్మో! ఆ రాత్రి అమ్మ మా పెట్టెలో చోడిపిండీ చింతపండూ కూరి, ఎండుచేపలు కూడా పెట్టబోతే నేను ఏడ్చినంత పనిచేశాను.

ఫ్యాక్టరీ అంటే పొగగొట్టాలూ మసీ అనుకున్నాను. అది మా చర్చి కంటే శుభ్రంగా ఉంది. ఒక పెద్ద గాజుగదిలో మా కారు ఒక్కటే నిలబడి ఉంది, చెట్టు ఆకంత ఆకుపచ్చగా. గుడ్డలు కప్పలేదు, పాటలు పెట్టలేదు. తెల్లచొక్కా ఆయన ఒకడు తాళం నాన్న చేతిలో పెట్టి చెయ్యి కలిపాడంతే. నాన్న చుట్టూ తిరిగి చూసి, టైర్లు తట్టి, అలవాటు ప్రకారం బానెట్ మీద చెయ్యి వేసి కళ్ళు మూసుకున్నాడు. తెల్లచొక్కా ఆయన కూడా ఏమనుకున్నాడో చేతులు కట్టుకుని తలవంచాడు. ప్రార్థన అయ్యాక నాన్న నా చెవిలో, "గుంటా, దీని లోపల కొత్త చెప్పుల దుకానం వాసనొత్తంది" అన్నాడు. ఇద్దరం నవ్వు ఆపుకోలేకపోయాం.

మమ్మల్ని కలవడానికి చర్చి ఆడవాళ్ళ కమిటీ పెద్ద వచ్చింది, పేరు ఇంగ్రిడ్. పొడుగ్గా, ఇస్త్రీ చేసినట్టుండే మనిషి. వచ్చీరాగానే ఒకే ఒక్క షరతు చెప్పింది. ఇన్సూరెన్సు మా ఇద్దరి పేరు మీదే ఉంది, మూడో మనిషి బండి ఎక్కకూడదు. ఎక్కి ఏదైనా జరిగిందా, కమిటీ చేసేదేమీ ఉండదు, బండి ఇక్కడే ఆగిపోతుంది. నేను తెలుగులో చెప్పాను. నాన్న మొహం గంభీరంగా పెట్టి, "అలగే అమ్మగారూ" అన్నాడు. అప్పుడాయన కళ్ళ ముందు ఘాటు మధ్యలో ఆగిన జీపే ఉందని నాకు తెలుసు. ఈ బండి మన కొండకి చేరాలి, మిగతాదంతా తర్వాత. అందుకే అంత బుద్ధిగా తలాడించాడు.

ఇక మా ప్రయాణం! మన దేశానికి పంపే కారు కాబట్టి స్టీరింగు కుడిపక్కన పెట్టించారు. అక్కడేమో బళ్ళన్నీ రోడ్డుకి కుడివైపున నడుస్తాయి. దాంతో ముందు బండిని దాటాలంటే ఎదురొచ్చేది నాన్నకి కనబడదు, ఎడమపక్క కూర్చున్న నాకు కనబడుతుంది. "రా నాన్నా రా... వద్దొద్దొద్దు, లారీ!" అని అరవడం నా ఉద్యోగం. ఎండీ వానా చలీ ఒకేరోజు వచ్చే ఆ దేశంలో, తెల్లబెరడు బర్చి చెట్ల మధ్య, మేం గొంతు చించుకుని అరుచుకుంటూ పోయాం. ఊరూరా చర్చి వాకిట్లో ఆడవాళ్ళు కాఫీ పోసి, కారుని పెంపుడు జంతువులా నిమిరి, ఫోటోలు తీసుకునేవాళ్ళు. నేను అంత సంతోషంగా అంతకుముందెప్పుడూ లేను. తర్వాత కూడా బహుశా లేను.

అయితే ఆ కుడిపక్క స్టీరింగుతో ఒక చిక్కొచ్చింది. అక్కడి బస్సుస్టాపులు రోడ్డుకి కుడివైపున ఉంటాయి. అంటే నిలబడ్డ మనిషి సరిగ్గా నాన్న కిటికీ పక్కనే! స్టాపు వచ్చినప్పుడల్లా ఆయన కాలు బ్రేకు మీదకి పోవడం, బండి కుదుపుతో ఆగబోవడం, ఆయన "ప్రభువా" అని మూలుగుతూ ముందుకి పోనివ్వడం. వాళ్ళు కూడా ఎలా నిలబడతారంటే, ఒకళ్ళకొకళ్ళు తగలకుండా, మాట్లాడుకోకుండా, తప్పిపోయిన వాళ్ళలాగా. "ఈళ్ళకి ఎవులూ లేరేటే గుంటా?" అని బాధపడేవాడు. రెండు రోజులు ఓర్చుకున్నాడు. మూడోరోజు వాన పట్టుకుంది, ఒక ముసలావిడ సంచి గుండెకి హత్తుకుని ఒక్కతే నిలబడి ఉంది. బండి ఆగిపోయింది. నాన్న అద్దం దించి, "ఎక్కండమ్మా, బేగి ఎక్కండి" అన్నాడు అచ్చ తెలుగులో.

ఆవిడ నాన్నని చూసింది, నన్ను చూసింది. నేను నాన్న మీదుగా వంగి ఇంగ్లీషులో మొదలుపెట్టాను. ఇది టాక్సీయా అని అడిగింది. కాదన్నాను. దారి తప్పారా? లేదన్నాను. మరి ఏం కావాలి? "మీరు నిలబడి ఉన్నారంటున్నాడు మా నాన్న" అన్నాను. "నిజమే, నిలబడే ఉన్నాను" అందావిడ. "బండిలో సీటు ఖాళీగా ఉంది అంటున్నాడు." ఆవిడ వెనక సీటులోకి తొంగిచూసి, "అదీ నిజమే" అంది. ఇంకేముంది, తలుపు తీసుకుని ఎక్కి కూర్చుంది. నాన్న మొహం చూడాలి మీరు! మా సంతలో మొత్తం మోపులమ్మేసిన మనిషికి కూడా అంత వెలుగుండదు. వెంటనే విచారణ మొదలెట్టాడు. ఏ ఊరమ్మా, పిల్లలెంతమంది, కాళ్ళనొప్పులేటైనా ఉన్నాయా? అన్నీ నేను ఇంగ్లీషు చేశాను. ఆవిడ కాళ్ళనొప్పులతో మొదలుపెట్టి దిగేదాకా ఆపలేదు. దిగేటప్పుడు సంచిలోంచి పుల్లపళ్ళ జాం సీసా తీసి నా ఒళ్ళో పెట్టింది.

ఆ తర్వాత నేను ఎంత మొత్తుకున్నా లాభం లేకపోయింది. "నాన్నా, ఇంగ్రిడ్‌గారు ఏమన్నారు?" అంటే, "అన్నారు. నాను కాదన్నానా? ఇదే ఆకరు" అనేవాడు. ప్రతిసారీ అదే ఆఖరు. బడిపిల్లలు ఎక్కారు, పాదిరిగారు ఎక్కారు, పుట్టినరోజు కేకు పట్టుకుని ఒకాయన ఎక్కి, మా ఇద్దరికీ కోసి పెట్టి మరీ దిగాడు. నాకు ఒకపక్క భయం, ఇంకోపక్క నవ్వు. మా బండి వాసన మారిపోయింది. కొత్త చెప్పుల వాసన పోయి, తడికోట్లూ దాల్చినచెక్కా కాఫీ కలిసిన వాసన వచ్చింది. నాన్న అది చూసి, "ఇప్పుడు బండిలా ఉంది" అన్నాడు.

ఓడెక్కించాల్సిన రోజు రానే వచ్చింది. రేవు గేటు దగ్గర ఇంగ్రిడ్‌గారు కలుస్తానన్నారు. ఆరోజు ఉదయం నుంచీ గాలివాన. ఆ గాలివానలో మా వెనక సీట్లో ఎవరున్నారయ్యా అంటే, దూడంత కుక్కతో ఒక పెద్దాయన, ఆడమనిషంత వాయిద్యం పెట్టె వెనక పడుకోబెట్టి కూర్చున్న ఒక కాలేజీ పిల్ల. నేను ఎదురొచ్చే లారీలు చూస్తున్నాను. రేవు ఇంకా రాకుండానే ఒక బస్సుస్టాపు దగ్గర బండి ఆగింది. "పాపం గుంటా, గొడుగు తిరగబడిపోనాది ఈవిడకి" అంటూ నాన్న అద్దం దించాడు. గొడుగు పక్కకి జరిగింది. దాని వెనక ఇంగ్రిడ్‌గారు.

ఓరి నాయనో! ఆవిడ నాన్నని చూసింది, వెనక పెద్దాయన్ని చూసింది, పిల్లని చూసింది, కుక్కని చూసింది. కుక్క కూడా ఆవిణ్ణి చూసింది. వానలో నిలబడే, ఒక్కో మాటా విడివిడిగా, "నేను మీకు ఏం చెప్పాను?" అని నన్ను అడిగింది. నేను నాన్నకి తెలుగులో చెప్పాను. బండి పోయింది అనుకున్నాను. డాక్టరమ్మకి ఏమని చెప్పాలి, ఆ ఘాటు మీద మళ్ళీ డోలీయేనా అని కళ్ళలో నీళ్ళు తిరిగాయి. నాన్న మొహం కూడా పాలిపోయింది, అయినా చెయ్యి మాత్రం వెనక్కి చాచి తలుపు గొళ్ళెం తీస్తోంది. "ముందు ఎక్కమను గుంటా. తడిసిపోతంది. తిట్టీది లోపల కూకుని తిట్టొచ్చు" అన్నాడు.

ఉన్నది ఉన్నట్టు చెప్పాను. ఇంకేం చెప్పగలను! ఆవిడ ఒక్క క్షణం ఆగి ఎక్కింది. పెద్దాయన కుక్కని సగం ఒళ్ళోకి లాక్కున్నాడు, మిగతా సగం ఇంగ్రిడ్‌గారి ఒళ్ళోకి వచ్చింది. అక్కణ్ణుంచి మొదలు, ఇన్సూరెన్సు, కమిటీ, బాధ్యత, మాట తప్పడం, ఆవిడ తిడుతూనే ఉంది, నేను తెలుగు చేస్తూనే ఉన్నాను, నాన్న ప్రతి మాటకీ "అవునమ్మా, తప్పేనమ్మా" అంటూనే ఉన్నాడు. ఆయన నిజంగానే భయపడుతున్నాడు. అప్పుడు కనబడింది ఇంకో బస్సుస్టాపు. అందులో ఒక నర్సు, తెల్లబట్టలు కాళ్ళకి అంటుకుపోయి, మణికట్టు గడియారం చూసుకుంటూ నిలబడి ఉంది. వద్దు నాన్నా అని నేను గొణిగాను. బండి మాత్రం నెమ్మదించింది. ఆపలేదు, పోనివ్వనూలేదు, ఊరికే నడిచినట్టు కదులుతోంది. ఆయన అద్దంలోంచి ఇంగ్రిడ్‌గారి వైపు చూశాడు.

ఆవిడ తిట్టు సగంలో ఆగిపోయింది. కిటికీలోంచి ఆ నర్సుని చూసింది. ఆవిడ తన చేతిసంచి తీసి కాళ్ళ దగ్గర పెట్టుకుని, కుక్కని మొత్తంగా ఒళ్ళోకి తీసుకుని, పెద్దాయన వైపు జరిగింది. చోటు చేసింది! నాన్న బండి ఆపాడు.

రేవు దగ్గర అందరూ దిగాక ఆవిడ స్కర్టు నిండా కుక్కబొచ్చు. దులుపుకోలేదు. నాన్నతో చెప్పమని నాతో అంది కదా: "ఓడెక్కేదాకే నా ఇన్సూరెన్సు. మీ కొండ మీద ఎవర్ని ఎక్కిస్తారో అది మీ ఇష్టం. కానీ ఎవర్నీ నిలబడనివ్వొద్దు." నేను చెప్పడం పూర్తయ్యేసరికి నాన్న రెండు చేతులూ జోడించి ఏడుస్తున్నాడు. నేనూ ఏడ్చాను. ఆవిడ మాత్రం ఏడవలేదు, కర్చీఫు తీసి నాన్నకి ఇచ్చింది.

ఆ బండి మా కొండల్లో నాన్న రిటైరయ్యేదాకా తిరిగింది. అందులో పుట్టిన పిల్లలున్నారు, మా సీతంపేట పిన్ని పెళ్ళివారు అందులోనే వెళ్ళారు, నన్ను మొదటి ఉద్యోగానికి అరకులో దింపింది అదే. దాని వాసన కూడా చివరికి మా ఇంటి వాసనే అయింది. నాన్న పోయి చాలా ఏళ్ళయింది. ఇవన్నీ విజయనగరం నుంచి మా గుమ్మలక్ష్మీపురం వస్తూ ప్రవీణ్‌కి చెప్పాను. వాడు నవ్వాడు, కానీ కళ్ళు రోడ్డు మీదా, మనసు సీట్ల మీదా ఉన్నాయి. "అత్తా, కాళ్ళు కిందే పెట్టుకో, సీటుకి తగిలించకు" అని అప్పటికే చాలాసార్లు అన్నాడు. ప్లాస్టిక్కు కవర్లు ఇంకా తియ్యనివ్వలేదు. ఈ పిల్లల తప్పు కాదు, అప్పుచేసి కొనుక్కున్న వస్తువు. అద్దాలు మూసుకుంటే బయట వాన పడుతోందో లేదో కూడా తెలియడం లేదు. మా రోజుల్లో వాన బండిలోనే పడేది. ఇప్పుడు రోడ్లు నున్నగా ఉన్నాయి, ఆటోలున్నాయి, అంబులెన్సు ఫోను చేస్తే వస్తుంది. నాన్న లాంటివాడికి ఇప్పుడు పనేముంటుంది అనుకున్నాను, సంతోషంగానే అనుకున్నాను.

కురుపాం దాటాక ఒక మలుపులో, చెట్టు కింద, వానకి తలమీద గోనెసంచి కప్పుకుని ఒకావిడ నిలబడి ఉంది. కాళ్ళ దగ్గర అనాసపళ్ళ తట్ట. ప్రవీణ్ ఆవిణ్ణి దాటి ముందుకి పోయాడు. వాడి కారు, వాడి ఇష్టం అనుకున్నాను. కాస్త దూరం పోయాక బండి నెమ్మదించింది, ఆగింది, వెనక్కి రావడం మొదలెట్టింది. వాడు నా వైపు చూడకుండా, "ఏటో అత్తా, కాలు ఊరుకోడం లేదు" అన్నాడు. అద్దం దించి ఎక్కమన్నాడు.

ఆవిడ నవ్వింది. "వద్దు బాబూ. ఆటోకి ఫోన్ సేసినాను, బేగొచ్చేత్తాడు. మీరు ఎల్లండి, కొత్త బండి పాడైపోద్ది" అంది.

నేను పకపకా నవ్వాను. ఎక్కండంటే వద్దనే రోజు వచ్చింది నాన్నా, నీ పని అయిపోయింది, అని పైకే అన్నాను. ప్రవీణ్ నవ్వలేదు. బయట వాన పడుతూనే ఉంది, ఆవిడ ముక్కు మీంచి నీళ్ళు కారుతున్నాయి. వాడు ఇంజను ఆపేశాడు. దిగి, వెనక సీటు మీది ప్లాస్టిక్కు కవరు చర్రున చింపి అవతల పడేశాడు.

"ఆటో వచ్చేదాకా లోపల కూకో అమ్మా. నిలబడతావేటి?"

ఆవిడ తట్టతో సహా ఎక్కి కూర్చుంది. బండంతా అనాసపళ్ళ వాసన. ముగ్గురం అద్దాలు తుడుచుకుంటూ, ఆటో కోసం ఎదురుచూస్తూ అలాగే కూర్చున్నాం. కాసేపటికి ప్రవీణ్ అద్దంలోంచి ఆవిడ వైపు చూసి, "ఏ ఊరమ్మా మీది, పిల్లలెంతమంది?" అని అడిగాడు.